ఓరుగల్లు వడిసెల

ఓరుగల్లు మట్టికోటకు దొరికిన గొప్ప ప్రశంస శత్రుపక్షం నుంచే వచ్చింది. 1310లో ఢిల్లీ సేనలు చేసిన ముట్టడిని వర్ణిస్తూ అమీర్ ఖుస్రో, ఈ గోడలో ఉక్కు బల్లెం కూడా దిగదంటాడు. పెద్ద యంత్రంతో విసిరిన రాయి సైతం పిల్లలు ఆడుకునే కాయలాగా గోడకు తగిలి వెనక్కి ఎగిరిపడుతుందంటాడు. ఖుస్రో ఖిల్జీ సుల్తాను అలాఉద్దీన్ కొలువులోని కవి. అలాఉద్దీన్ విజయాలను కీర్తించడానికే 'ఖజాయిన్-ఉల్-ఫుతూహ్' రాశాడు. అలాంటి కవి కూడా కాకతీయుల మట్టిగోడ దగ్గర ఆగి, దాని గట్టితనాన్ని ఒప్పుకున్నాడు.

ఓరుగల్లు కథ చెప్పేవాళ్లు ఎక్కువగా గోడల గురించీ తోరణాల గురించీ చెబుతారు. గోడ మీదికి వచ్చిన రాయి ఎలా వచ్చింది? అంత బరువు అంత దూరం ఏ బలంతో వెళ్లింది? ఆ ప్రశ్న వెంట నడిస్తే దారి కోట దగ్గర మొదలై జొన్నచేలలోని మంచెల మీదుగా గోల్ఫ్ మైదానం దాకా వెళ్తుంది, తిరిగి జనగామ పల్లెల బురుజుల దగ్గరికి వస్తుంది. దారి పొడుగునా కనిపించే పనిముట్టు ఒకటే: వడిసెల.

కాకతి గణపతిదేవుడి కాలంలో రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారింది. రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు కోటను ఇంకా బలపరిచారు. లోపలిది సున్నం లేకుండా పేర్చిన గ్రానైటు రాతిగోడ. ఇంచుమించు 1.2 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న వలయం, 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, గోడ చుట్టూ నీటి అగడ్త. దాని బయట దాదాపు 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో మట్టికోట. దానికీ అవతల, హనుమకొండను కూడా కలుపుకుంటూ, 12 కిలోమీటర్లకు పైబడిన అడ్డుకొలతతో ఇంకో మట్టికట్ట. ద్వారాల దగ్గర దారి సూటిగా లోపలికి పోదు. ఒకసారి పక్కకు తిరిగి, మళ్లీ తిరిగి లోపలికి వెళ్లాలి. పరిగెత్తుకొచ్చే ఏనుగు ఊపును విరవడానికి కట్టిన వంపులవి. శత్రువు వేగాన్ని చంపితే సగం యుద్ధం గెలిచినట్టేనని ఆ కోట కట్టినవాళ్లకు బాగా తెలుసు.

అలాఉద్దీన్ సేనాని మాలిక్ కాఫూర్ 1309 అక్టోబరు ఆఖరున ఢిల్లీ నుంచి కదిలాడు. జనవరిలో ఓరుగల్లు చేరాడు. ముందుగా హనుమకొండ గుట్టను పట్టుకున్నారు. అక్కడి నుంచి చూస్తే ఓరుగల్లు మేడలూ తోటలూ కళ్లముందు పరిచినట్టు కనిపించాయని ఖుస్రో రాశాడు. కోట చుట్టూ గుడారాలు లేచాయి. చెట్లు కొట్టి కట్టె కంచె కట్టారు. ఆ తర్వాత రాళ్లయంత్రాలు నిలబెట్టారు. నెల రోజులు గడవకముందే మట్టికోట చుట్టూ ఉన్న అగడ్త కొంతమేర పూడ్చి, ఫిబ్రవరి నడుమ మట్టిగోడ దాటారు. లోపలి రాతికోట ముందు మళ్లీ నీటి అగడ్త అడ్డొచ్చింది. అది దాటే ప్రయత్నాలు సాగుతుండగానే ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. మార్చిలో కాఫూర్ ఏనుగులతో, గుర్రాలతో, ధనరాశులతో వెనుదిరిగాడు. కోట పూర్తిగా పడిపోయింది పదమూడేళ్లకు, 1323లో, ఢిల్లీ సేనాని ఉలుగ్ ఖాన్ రెండోసారి వచ్చినప్పుడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతుంది.

ఆ రాళ్లయంత్రాలను ఖుస్రో 'మగ్రిబీ' అంటాడు. మగ్రిబ్ అంటే పడమర. పడమటి దేశాల పద్ధతి యంత్రమని ఆ పేరు. తెలుగు రైతుకు దాన్ని అర్థం చేయించడం చాలా తేలిక. బావి దగ్గర ఏతం ఉంటుంది కదా? నిలువు గుంజ మీద అడ్డంగా ఊగే పొడుగాటి దూలం, ఒక కొసకు బరువు, రెండో కొసకు బాన. ఆ బాన తీసేసి, దాని చోట వడిసెల కట్టండి. అదే మగ్రిబీ. పొట్టి కొసను కొన్ని యంత్రాల్లో పదులకొద్దీ మనుషులు తాళ్లతో ఒక్క గుంజు గుంజేవాళ్లు. కొన్నింటిలో మట్టీ రాళ్లూ నింపిన పెట్టె బరువుకు అది ధడాలున కిందికి దిగేది. ఆ కాలానికి రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. పొట్టి కొస కిందికి దిగగానే పొడుగు కొస పైకి లేస్తుంది, దాని వెంట వడిసెల జోలెలో రాయి లేస్తుంది.

అసలు కిటుకు ఆ తర్వాతి రెప్పపాటులో ఉంది. మొదట్లో దూలం ముందు, వడిసెల వెనుక; తాడు ఇంకా వేలాడుతూ వెనకబడే ఉంటుంది. దూలం నిటారుగా లేచే వేళకు దాని వేగం తగ్గడం మొదలవుతుంది. అంతవరకూ దూలంలో ఉన్న ఊపు తాడులోకి పారుతుంది. వెనకబడిన తాడు గిర్రున ముందుకు వచ్చి, కొరడా కొసలా ఝళిపిస్తుంది. దూలం దాదాపు ఆగిపోయినట్టు ఉంటుంది, రాయి మాత్రం అత్యంత వేగంతో ఉంటుంది. సరిగ్గా అప్పుడే తాడు ఒక కొస కొక్కెం నుంచి జారిపోతుంది. రాయి వెళ్లిపోతుంది. ఇంగ్లండులోని వారిక్ కోటలో 2005లో ఇలాంటి యంత్రాన్ని తిరిగి కట్టారు. 18 మీటర్ల ఎత్తు, 22 టన్నుల బరువు ఉన్న ఆ కట్టడం ముందు నిలబడ్డవాళ్లకు ముందుగా కనిపించేది దాని దుంగల భారీతనం. పని పూర్తిచేసేది మాత్రం చివర వేలాడే ఆ తాడే.

ఖుస్రో కూడా దీన్ని తనకు తెలియకుండానే ఒప్పుకున్నాడు. కోట లోపలి నుంచి కాకతీయ సైన్యం కూడా యంత్రాలతో రాళ్లు విసిరింది. తన పక్షం రాళ్లను పొగిడి, ఎదుటి పక్షం రాళ్లు బ్రాహ్మణుడి జంధ్యంతో విసిరినంత బలహీనంగా వచ్చాయని ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవాలోని మతపు విసురు అలా ఉండనిస్తే, రాతి బలమంతా తాడులోనే ఉందన్న సంగతి అందులో స్పష్టంగా బయటపడింది. సన్నని పోగైతే రాయి వెళ్లదు. పేనిన తాడైతే వెళ్తుంది.

ఆ పేనిన తాడు ఓరుగల్లు చుట్టుపక్కల ప్రతి పల్లెలోనూ ఉండేది. గోగునారతోనో జనపనారతోనో పేనిన రెండు తాళ్లు, నడుమ అరచేయంత వెడల్పున అల్లిన జోలె. ఒక తాడు కొసన ఉచ్చు. అది వేలికి తగిలించుకుంటారు. రెండో కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి పట్టుకుంటారు. జోలెలో నిమ్మకాయంత రాయి. జొన్నకంకి పాలు పోసుకునే రోజుల్లో చిలకలూ పిచ్చుకలూ గుంపులుగా దిగుతాయి. చేను నడుమ నాలుగు గుంజల మీద మంచె కట్టి, ఇంట్లో ఎవరో ఒకరు తెల్లవారకముందే దాన్నెక్కి కూర్చోవాలి. చాలా ఇళ్లలో ఆ పని ఆడపిల్లలదీ ముసలివాళ్లదీ. అంటే కండబలంలో ఇంట్లో వెనకబడినవాళ్లే చేనుకు నలువైపులా రాయి పంపగలిగేవాళ్లు! తాడు కొస వదలగానే వచ్చే 'ఫట్' మన్న చప్పుడుకే సగం పిట్టలు లేచిపోయేవి.

కొత్తగా నేర్చుకునేవాడు వడిసెలను తలపైన పదిసార్లు తిప్పుతాడు. చేయి నొప్పి పుడుతుంది, రాయి మాత్రం కాళ్ల దగ్గరే పడుతుంది. అలవాటైన చేయి ఒకటి రెండు చుట్లతోనే వదిలేస్తుంది. ముందు కాలు వేయాలి, నడుము తిరగాలి, భుజం రావాలి, ఆ తర్వాత మోచేయి, మణికట్టు, అన్నిటికన్నా ఆఖర్న తాడు. వరుస తప్పితే ఊపు మధ్యలోనే ఇంకిపోతుంది. వదిలే క్షణం రవ్వంత ముందైతే రాయి ఆకాశానికి పోతుంది. రవ్వంత ఆలస్యమైతే పక్క చేనులో పడుతుంది.

ఈ విద్య ఓరుగల్లు సొత్తు మాత్రమే కాదు. మధ్యధరా సముద్రంలోని బలియారిక్ దీవుల వడిసెలగాళ్లను కార్తేజీ, రోము సైన్యాలు రెండూ కూలికి పెట్టుకున్నాయి. వాళ్లు దగ్గరి గురికి పొట్టిది, దూరపు గురికి పొడుగుది, మధ్యరకానికి ఇంకొకటి, ఇలా మూడు వడిసెలలు వెంట ఉంచుకునేవాళ్లని ప్రాచీన రచయితలు రాశారు. తాడు పొడుగైతే కొస తిరిగే వలయం పెద్దదవుతుంది, అదే తిప్పుడుకు కొస వేగం పెరుగుతుంది. గురి కుదరడం మాత్రం అంతకంతకూ కష్టం. గ్రీకు సేనాని జెనోఫోను తన పక్షంలోని రోడ్సు దీవివాళ్లు చిన్న సీసపు గుళ్లు విసిరి, పిడికెడు రాళ్లు విసిరే పారశీకుల కంటే రెట్టింపు దూరం కొట్టారని చెప్పాడు. పొడుగు, బరువు, వదిలే క్షణం: రెండువేల ఏళ్ల కిందటే లెక్క తేలిపోయింది.

గోల్ఫ్ ఆటగాళ్లకు ఆ లెక్క తేలడానికి చాలా కాలం పట్టింది. ఆట పాతదే. 1457లో స్కాట్లండు పార్లమెంటు గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ నిషేధించింది. కుర్రాళ్లు విలువిద్య సాధన మానేసి బంతుల వెంట పడుతున్నారన్న ఫిర్యాదు. భారతదేశానికి 1829లోనే వచ్చింది. బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటే పాతదైన గోల్ఫ్ క్లబ్బు కలకత్తాలో ఉంది. హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా గోడల నడుమ గోల్ఫ్ మైదానం ఉంది. ఆ గోల్కొండ కూడా మొదట కాకతీయుల మట్టికోటేనని స్థానిక చరిత్ర చెబుతుంది. ఒకప్పుడు రాళ్లను ఆపడానికి లేచిన గోడల నీడలో ఇప్పుడు 46 గ్రాములైనా నిండని తెల్లబంతి ఎగురుతోంది.

ఆ బంతిని ఎక్కువ దూరం పంపడం ఎలా అన్నది ప్రతి గోల్ఫ్ ఆటగాడి ప్రశ్న. చాలామంది కండలతో జవాబు వెతికారు. 1968లో బ్రిటన్‌లో అలస్టెయిర్ కోక్రన్, జాన్ స్టాబ్స్ అనే ఇద్దరు 'ది సెర్చ్ ఫర్ ది పర్‌ఫెక్ట్ స్వింగ్' అనే పుస్తకం తెచ్చారు. గోల్ఫ్ సొసైటీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ పూనికతో, శాస్త్రవేత్తలు వేగపు కెమెరాలతో ఆటగాళ్లను చిత్రించి చేసిన పరిశోధన ఫలితం అది. వాళ్లు తేల్చిన బొమ్మ చాలా చిన్నది: రెండు కడ్డీలు, రెండు కీళ్లు. భుజాల నడుమ ఒక కీలు, అక్కడి నుంచి చేతులు మొదటి కడ్డీ. మణికట్టు రెండో కీలు, అక్కడి నుంచి బంతిని కొట్టే కర్ర, అంటే క్లబ్బు, రెండో కడ్డీ. కిందికి దిగే స్వింగ్‌లో మొదట చేతులు వేగం అందుకుంటాయి, క్లబ్బు వెనకబడి ఉంటుంది. బంతి దగ్గరికి వచ్చేసరికి చేతుల వేగం తగ్గుతుంది, క్లబ్బు తల దూసుకొస్తుంది. చేతుల్లోని ఊపు క్లబ్బులోకి పారుతుంది.

మగ్రిబీ దూలానికీ తాడుకీ ఉన్న సంబంధమే ఇది.

అందుకే క్లబ్బును పిడికిలి బిగించి, పళ్లు కొరికి కొట్టేవాడి బంతి దగ్గర్లోనే పడుతుంది. బిగించిన పట్టు మణికట్టు కీలును పనిచేయనివ్వదు. తాళ్ల బదులు కర్రతో చేసిన వడిసెలలా, రెండు కడ్డీలూ ఒక్కటై పోతాయి. ఆలస్యంగా రావాల్సిన విసురు రానే రాదు. గోల్ఫ్ గురువులు పదేపదే చెప్పే మాటలన్నీ ఇక్కడికే వస్తాయి: పట్టు సడలించు, కింది నుంచి మొదలుపెట్టు, మణికట్టును తొందరగా విప్పేయకు. డౌన్‌స్వింగ్‌లో ముందు బరువు ఎడమకాలి మీదికి రావాలి (కుడిచేతి ఆటగాడికి). తర్వాత తుంటి, ఆ తర్వాత మొండెం, తర్వాత చేతులు, చివరికి క్లబ్బు. ఒక్కొక్కటీ తన వంతు రాగానే వేగమెత్తి, తర్వాతిదానికి ఇచ్చేసి, తాను నెమ్మదించాలి. మంచె మీది ఆడపిల్లకు ఎవరూ ఈ మాటల్లో చెప్పలేదు. ఆమె నడుముకూ మణికట్టుకూ ఆ వరుస తెలుసు.

అంకెల్లో చూస్తే ఈ విసురు విలువ బోధపడుతుంది. క్లబ్బు తల బంతిని తాకి ఉండేది అర మిల్లీసెకను మాత్రమే. ఆ తర్వాత ఆటగాడు చేయగలిగింది ఏమీ లేదు. దూరపు దెబ్బలకు వాడే 'డ్రైవరు' క్లబ్బుతో నట్టనడుమ తగిలిస్తే బంతి క్లబ్బు తల వేగానికి దాదాపు ఒకటిన్నర రెట్ల వేగంతో లేస్తుంది. పక్కకు తగిలితే ఆ వేగంలో కొంత పోతుంది; కాబట్టి దూరం కావాలన్నవాడు వేగం కంటే ముందు నడుమ తగిలించడం నేర్చుకోవాలి. తల వేగం గంటకు ఒక మైలు పెరిగితే బంతి ఇంచుమించు రెండున్నర గజాలు ఎక్కువ పోతుందని ఆటగాళ్ల లెక్క. 1974లో లాస్‌వెగాస్‌లో జరిగిన సీనియర్ల పోటీలో మైక్ ఆస్టిన్ అనే అమెరికా ఆటగాడు 515 గజాల దూరం కొట్టాడు. గాలి వెనక నుంచి బాగా తోడిచ్చింది, నిజమే. చేతిలో ఉన్నది మాత్రం కొయ్య తలకాయ క్లబ్బు, వయసు 64. శరీరం కదిలే తీరును ఏళ్ల తరబడి చదువుకున్న మనిషి అతను.

శరీరపు కదలికను చదువుకున్న మరో మనిషి ఓరుగల్లులోనే ఉండేవాడు. గణపతిదేవుడి గజసైన్యానికి అధిపతి జాయప. యుద్ధంలో ఏనుగులను నడిపిన ఆ సేనాని 1254 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' పూర్తిచేశాడు. పాదం, నడుము, చేయి ఏ తీరున కదలాలో, దేశి నృత్యాలు ఎలా నడవాలో వివరించే గ్రంథమది. బలానికీ భంగిమకీ ఉన్న చుట్టరికం ఒక సైన్యాధిపతి మనసులో నిలవడం ఓరుగల్లు చరిత్రలో అపురూపమైన సంగతి.

ఇక గోల్ఫ్‌కు దగ్గరి ఆట ఈ నేల మీదే ఉంది: చిర్రగోనె. కోస్తాలో దాన్ని బిళ్లంగోడు అంటారు, ఇంకా కర్రాబిళ్ల, గోటీబిళ్ల. రెండు కొసలూ చెక్కిన బెత్తెడు చిర్ర, మూరెడు గోనె. చిర్ర మొనమీద తట్టితే గాలిలోకి లేస్తుంది. కింద పడేలోపు గోనెతో కొట్టాలి. పడినచోటి దాకా గోనెతోనే కొలుస్తారు. గోల్ఫ్ బంతి కదలకుండా కూర్చుంటుంది, చిర్ర గిరగిరా తిరుగుతుంది. కష్టం దేనిలో ఎక్కువో ఆడినవాళ్లు చెప్పగలరు. ఎముకలు కనిపించే బక్కపిల్లాడు ఊరి బలశాలి కంటే ఎక్కువ గోనెలు కొలవడం వరంగల్ వీధుల్లో ఏ సెలవుల్లోనైనా చూసిన దృశ్యమే.

వడిసెల ఆటవస్తువుగా, పిట్టల కాపలాగా మిగిలిపోయి ఉంటే దాని చరిత్ర ఇక్కడితో ముగిసేది. 1946 నాటికి అది మళ్లీ యుద్ధంలోకి వచ్చింది.

జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది, తర్వాత వరంగల్ జిల్లాలో కలిసింది. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనంలో ఉన్న పల్లెల్లో వెట్టికి ఎదురుతిరిగిన సంఘం పుట్టింది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడే నేలకొరిగాడు. నిజాం రాజ్యంలో రైతు చేతిలో తుపాకి లేదు. ఉన్నవి గుతుపలు, వడిసెలలు, రోకళ్లు, కారంపొడి. చేనులో చిలకను లేపిన చేయే దొర గడీ గూండాల మీదికి రాయి పంపింది. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు వచ్చేదాకా, వచ్చిన తర్వాత కూడా, వడిసెల పల్లె రక్షకదళాల ఆయుధంగా నిలిచింది.

బైరాన్‌పల్లి పేరు చెప్పకుండా ఈ కథ చెప్పలేం. 2016లో సిద్దిపేటకు మారేదాకా అది వరంగల్ జిల్లా ఊరే. ఊరి నడుమ ఎత్తైన బురుజు. దాని మీద కాపలా పెట్టి, నిజాం పక్షపు రజాకార్లు వస్తే నగారా మోగించి, నాటు తుపాకులతో, వడిసెలలతో ఊరివాళ్లు వాళ్లను తరిమారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. కోటకు 45 బురుజులుంటే ఊరికి ఒక్కటే బురుజు. పైనుంచి విసిరిన రాయికి ఎత్తు తోడవుతుందన్న లెక్క మాత్రం రెండుచోట్లా ఒకటే. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం బలగాలు కలిసి ఫిరంగులతో వచ్చారు. ఏతానికి కట్టిన తాడైనా, చేతికి చుట్టిన తాడైనా మందుగుండు ముందు నిలిచేది కాదు. బురుజు మీదివాళ్లు కూలిపోయారు. ఊరి యువకులను వరుసలో నిలబెట్టి కాల్చారు. మరో మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. ఆ బురుజు ఇప్పటికీ ఊరి మధ్యలో ఉంది.

తుపాకి, ఫిరంగి చంపలేని వడిసెలను పత్తి చంపింది. వరంగల్ పల్లెల్లో జొన్న తగ్గి పత్తి, మిరప, మొక్కజొన్న పెరిగాయి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు బారులు తీరాయి. పత్తికాయను చిలక పొడవదు. జొన్నకంకి లేని చేనుకు పొద్దున్నే లేచి కాపలా కాయాల్సిన పని లేదు, అందుకని మంచె లేదు, మంచె మీద పిల్ల లేదు, ఆమె చేతిలో గోగునార తాడు లేదు. జొన్న వేసిన కొద్దిచోట్ల కూడా గాలికి మెరిసే ప్లాస్టిక్ రిబ్బన్లు కడుతున్నారు. అటు ములుగు, భూపాలపల్లి అడవి అంచుల్లో మాత్రం మొక్కజొన్న చేలల్లో మంచెలు ఇంకా లేస్తున్నాయి, అడవిపందుల కోసం. రాత్రంతా అక్కడ కూర్చునేవాళ్లు డబ్బాలు మోగిస్తారు, కేకలు వేస్తారు.

ఖుస్రో చూసి ఆశ్చర్యపోయిన మట్టికోట కూడా ఉంది. గడ్డి మొలిచి, చెట్లు పెరిగి, చాలాచోట్ల మామూలు మట్టిదిబ్బలాగే కనిపిస్తుంది. వరంగల్ కోటకు వెళ్లే బస్సూ ఆటోలూ ఆ గట్టు నడుమ నుంచే పోతాయి. కీర్తితోరణాలు చూడాలన్న తొందరలో ఉన్నవాళ్లు దాన్ని గమనించకుండానే దాటిపోతారు.